పదిహేడో గది

మెడికల్ కాలేజీ ఆఫీసులో లిఫ్టు మెకానిక్ నాలుగో కౌంటరు ముందు నిలబడ్డాడు.

"వయసెంత? ముప్పై నాలుగా? ఆరో కౌంటరుకి వెళ్లండి."

ఆరో కౌంటరు వాళ్లు రెండుకు పొమ్మన్నారు. రెండో కౌంటరులో ఖాళీ కుర్చీ, దాని వీపున ఎవరిదో తువ్వాలు.

అతనికి తలా తోకా తెలియలేదు.

ఆరు నెలల కిందట రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న ఒక లిఫ్టును అతను పదకొండు నిమిషాల్లో తెరిచాడు. లోపల ఒక పెద్దాయన ఛాతీ పట్టుకుని కూలబడి ఉన్నాడు. తలుపు తియ్యడం తెలిసిన చేతులకు ఆ తరవాత ఏం చెయ్యాలో తెలియలేదు. అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది.

అప్పటినుంచి డాక్టరు చదవాలన్నదే ధ్యాస.

"మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడుతున్నారు," అంది భార్య. అంటూనే అతను కొనుక్కొచ్చిన జీవశాస్త్రం పుస్తకానికి అట్ట వేసిపెట్టింది.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవాళ్లే లేరు. ఒకడు కోచింగ్ అన్నాడు. ఒకడు వయసు దాటిపోయిందన్నాడు. ఇంకొకడు ముందు ల్యాబులో ఉద్యోగం చెయ్యమన్నాడు. విన్నకొద్దీ బుర్ర గిర్రున తిరిగింది.

"ఇలా కూర్చో బాబూ," అన్నారెవరో.

కౌంటర్లకు ఎదురుగా, గోడవారగా బెంచీ మీద ఒకావిడ. అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, ఇస్త్రీ చెదరని బట్టలు.

"పాత చదువు దేంట్లో?"

"మెకానికల్ డిప్లొమా."

"అయితే ఈ కౌంటర్లు నీకెందుకు? పైన పదిహేడో గదికి వెళ్లు. నీ డిప్లొమా ఇక్కడ చెల్లుతుందని లెటరు తీసుకో. దానికి నాలుగు నెలలు పడుతుంది. అది లేకుండా పరీక్ష గెలిచినా సీటివ్వరు."

"పరీక్ష రాశాక తీసుకుంటే కుదరదా?"

"కుదరదు. ఇంకో మాట. జీవశాస్త్రం బట్టీ పట్టకు. మిషను విప్పినట్టు విప్పు. ఏది దేన్ని లాగుతోంది, ఏది ఆగితే ఏది ఆగుతుంది, అది చూడు."

అతనికి అనుమానమొచ్చింది.

"మీరిక్కడ పనిచేస్తారా?"

"లేదు."

"డాక్టరా?"

"కాదు."

ఎవరో బ్రోకరు తాలూకు మనిషి! పొద్దుట్నుంచీ కౌంటర్ల చుట్టూ తిరిగిన చిరాకంతా ఆవిడ మీదికి మళ్లింది.

"ఇంత తెలిసినవాళ్లు మీరే డాక్టరయ్యుండొచ్చుగా!"

ఆవిడ నవ్వబోయి ఆగింది. ఒడిలో ఉన్న చేతుల్ని చూసుకుంది.

"పదిహేడో గది. మెట్లెక్కి ఎడమవైపు," అంది మెల్లగా.

అతను మెట్ల వైపు కాదు, గేటు వైపు నడిచాడు.

ఆ ఏడాదంతా పగలు లిఫ్టులు, పొద్దున్నా సాయంత్రం పుస్తకాలు. పరీక్ష గెలిచాడు. ఇల్లంతా పండగే.

సర్టిఫికెట్లు చూసే రోజు ఆఫీసరు ఫైలంతా తిరగేశాడు.

"డిప్లొమా చెల్లుతుందన్న లెటరేదీ?"

"తెస్తానండీ, నాలుగు రోజులు టైమివ్వండి!"

"నాలుగు రోజుల్లో వచ్చేది కాదది. నెక్స్ట్!"

సీటు పోయింది. అతను అక్కణ్నుంచి తిన్నగా బెంచీ దగ్గరికి వచ్చాడు. బెంచీ ఖాళీగా ఉంది. క్షమించమని అడుగుదామనుకున్నాడు. సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆవిడ రాలేదు.

మర్నాడు మెట్లెక్కి ఎడమవైపు తిరిగాడు.

లెటరు సరిగ్గా నాలుగు నెలలకు వచ్చింది. ఈసారి పుస్తకాన్ని బట్టీ పట్టలేదు, విప్పుకుంటూ చదివాడు. గుండె పంపులా, కీలు కప్పీలా కళ్లకు కట్టింది. మార్కులు కిందటిసారి కంటే చాలా మెరుగ్గా వచ్చాయి.

కాలేజీలో చేరిన నెలకి, ఐడీ కార్డు కోసం పదిహేడో గదికి వెళ్లాడు.

ముసలి క్లర్కు ఫారం నింపుతున్నాడు.

"అనాటమీ హాల్లో మీ బ్యాచి ఏ బల్ల దగ్గర?"

"మూడో బల్లండి." అతను కిందికి చూపిస్తూ అడిగాడు. "కింద బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చునేవారు. ఎవరండీ ఆవిడ?"

క్లర్కు కలం ఆగింది.

"ఆవిడా! బడిలో కుట్టుపని నేర్పే టీచరు. ఇరవయ్యేళ్లలో ఇక్కడ సీటు కోసం తొమ్మిది దరఖాస్తులు పెట్టారు. ఓసారి లెటరు లేక, ఓసారి అరమార్కు తగ్గి, ఆఖరికి వయసు దాటి... ఒక్కటీ నెగ్గలేదు. తను తిరిగినట్టు ఇంకొకరు తిరగకూడదని, బడికి సెలవున్న రోజుల్లో వచ్చి కూర్చునేవారు."

అతను కౌంటరు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"ఒక్కసారి కలవాలండీ. చెప్పుకోవాల్సిన మాటొకటుంది."

క్లర్కు కలానికి మూత పెట్టాడు.

"కిందటేడు పదో దరఖాస్తు పెట్టారు. అది మాత్రం ఆమోదించారు."

"సీటొచ్చిందా!" అతని మొహం వెలిగింది. "ఏ క్లాసులో ఉన్నారు?"

"మీ క్లాసులోనే," అన్నాడు క్లర్కు గొంతు తగ్గించి, "అది దేహదానం దరఖాస్తు బాబూ, మూడో బల్ల మీద మొహం కప్పి ఉంచిన దేహంలో నెల రోజులుగా మీరు చదువుకుంటున్నది ఆవిడ్నే."