గుర్రం పాటకు జరీ

"జెండా కింద నిలబడరా చిన్నోడా, నీ ఊరు నిన్ను చూస్తాంది నిలబడరా..."

పెళ్లాం నోట దేశం పాట వినబడగానే మగ్గం గుంటలో వీరభద్రయ్య కాళ్లు టక్కున ఆగిపోయాయి.

"యాడ తెగిందే?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎడమపక్క, అంచు కాడ. కదలాకు" అంటూ నాగరత్నమ్మ రాట్నం వదిలి లేచింది. తెగిన పోగు వెతికి ముడేసి, మళ్లీ వచ్చి కూర్చుని, కండెకు పట్టుపోగు చుడుతూ పూలపాట అందుకుంది.

"కనకాంబరం కోసే చిన్నదానా, ఒడి నిండినా ఇంటికి రావేమే..."

వీరభద్రయ్య చెయ్యి అడ్డపోగు నడిపే మూడు నాడెల్లో ఎర్రదాని మీదికి పోయింది. మగ్గం మళ్లీ ఆడింది.

ధర్మవరంలో ఆ వీధికంతా నాగరత్నమ్మ పాటల పిచ్చిది. ఒక్క పాటా తిన్నగా పాడదు. పూలపాట సగంలో గుర్రం పాట, అది సగంలో ఉండగానే అమ్మ పాట. నవ్వేవాళ్లు నవ్వుకోనీ, అసలు సంగతి మొగుడూ పెళ్లాలకే తెలుసు. చక్కెర జబ్బు వీరభద్రయ్య కళ్లను తినేసి రెండేళ్లయింది. నలభై ఏళ్లు నేసిన చేతులు కాబట్టి నేత తప్పదు గానీ, కొంగులో ఏ వరసకు రంగు మారాలో చేతులకేం తెలుస్తుంది? అందుకని పూలపాటకు ఎరుపు, అమ్మ పాటకు పచ్చ, గుర్రం పాటకు జరీ. దేశం పాట వస్తే పోగు తెగిందని, ఆగమని.

ఈ సంగతి షావుకారు చంద్రమోహన్ చెవిన పడకూడదు. మగ్గం ఆయనది, పట్టు ఆయనది. చూపులేని వాడితో పెళ్లిచీరలు నేయించే షావుకారు ఎక్కడైనా ఉంటాడా? తెలిసిన రోజే మగ్గం ఇంకొకరికి ఇచ్చేస్తాడు. మగ్గం దిగిన మర్నాడే ఈ మనిషి మంచం పడతాడని నాగరత్నమ్మ భయం.

అసలే చంద్రమోహన్ అంటే ఆమెకు ఒళ్లుమంట. వీధిలో అందరికీ కొత్త కొత్త డిజైన్లు ఇస్తాడు, వీళ్లకు మాత్రం రెండేళ్లుగా అదే పాత మూడు రంగుల చీర. "ముసలోళ్లమని లెక్కలేదు వానికి" అని సణిగేది. వచ్చేటప్పుడు వీధి మొగదల నుంచే "నాగరత్నక్కా, వస్తాండా!" అని కేక. షావుకారు వేంచేస్తున్నాడని ఊరంతా తెలియాలి మరి! వచ్చి గుమ్మంలో కూర్చున్నాడంటే ఫోను చూసుకుంటూ గంటసేపు కదలడు. కాపలా కాకపోతే ఏమిటది?

ఆ సాయంత్రం పెనుకొండ నుంచి పావని అనే కాలేజీ పిల్ల వచ్చింది. పాత పాటలు సేకరిస్తోందట.

"అవ్వా, పూలపాటలు, అమ్మ పాటలు, గుర్రం పాటలు, దేశం పాటలు అన్నీ వస్తాయంట కదా నీకు?"

"వస్తాయి. ముక్కలు ముక్కలు పాడతాదని చెప్పలేదా ఎవరూ?"

"చెప్పినారు. అందుకే పూర్తిగా వినల్లని వచ్చినా."

అంత ముద్దుగా అడిగితే ఎవరు కాదంటారు? మగ్గం ఆపేశారు. రెండేళ్లుగా సగంలో తుంచేసిన పాటలన్నిటినీ నాగరత్నమ్మ ఆ పిల్ల ఫోన్లోకి తనివితీరా పాడింది. అమ్మ పాట చివరి చరణానికి తనే కళ్లు తుడుచుకుంది.

"ఈ పాట ఇంత బాగుంటాదని మర్సేపోయినా" అన్నాడు వీరభద్రయ్య.

తెల్లారేసరికి గొంతు పోయింది. చెవిలో నోరు పెట్టి చెబితే తప్ప మాట వినబడదు. "ఈ పొద్దు మగ్గం వద్దులేయ్యా" అని మొగుడి చెవిలో చెబుతుండగానే కేక వినబడింది.

"నాగరత్నక్కా, వస్తాండా! హిందూపురం ఆయమ్మ గూడా వస్తాంది!"

ఆయమ్మ పేరు రమాదేవి. మగ్గం మీదున్నది ఆమె కూతురి పెళ్లిచీర.

"చేత్తో నేస్తాండారో, మిషన్లో నేస్తాండారో కళ్లారా చూసుకోని పోతా. ఈ కాలంలో ఎవుర్ని నమ్మేది?" అంది లోపలికి వస్తూనే.

"ఎంత చెప్పినా ఇనకపోతిరి. రవ్వసేపు చూసి పోదాం పదండి" అన్నాడు చంద్రమోహన్ మొహం మాడ్చుకుని. పోయి గుమ్మంలో తన చోట కూర్చున్నాడు.

తప్పదు. వీరభద్రయ్య గుంటలోకి దిగాడు. నిన్న ఆపింది ఎరుపు దగ్గర, అంతవరకు ఆయనకు గుర్తే. నాడె ఆడింది. రమాదేవి వచ్చి సరిగ్గా రాట్నానికీ మగ్గానికీ మధ్య నిలబడింది.

"ఈ ఎరుపుకు ఆ పచ్చ నప్పుతాదంటావా అన్నా?"

"నేసేటోళ్లను మాట్లాడిచ్చగూడదమ్మా!" అని చంద్రమోహన్ కసిరాడు. జన్మానికొకసారి ఈ మనిషి దురుసుతనం పనికొచ్చింది అనుకుంది నాగరత్నమ్మ.

ఎర్ర పట్టీ అయిపోవస్తోంది. ఇంక నాలుగు వరసలు, ఆ తర్వాత జరీ. ఆమె నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. పావని ఫోను గుర్తొచ్చింది, అదేమో పెనుకొండలో ఉంది.

మూడు. వీరభద్రయ్య తల పక్కకు వంచి, పాట కోసం చెవి రిక్కించాడు.

రెండు. లేచిపోయి జరీ నాడె చేతికిస్తే ఇద్దరి ముందూ గుట్టు రట్టవుతుంది. ఇవ్వకపోతే పెళ్లిచీర పాడవుతుంది. ఎటూ పోయేది మగ్గమే. కళ్లు మూసుకుని కదిరి నరసింహస్వామికి దండం పెట్టుకుంది.

ఒకటి.

"తెల్ల గుర్రమెక్కి వచ్చినాడే, కొండ దిగి మా దొర వచ్చినాడే..."

శ్రుతి లేదు, తాళం లేదు. అయినా వీరభద్రయ్య చెయ్యి ఎరుపు వదిలి జరీ నాడె అందుకుంది. నాగరత్నమ్మ కళ్లు తెరిచి, పాట వచ్చిన వైపు తిరిగింది.

పాడుతున్నది చంద్రమోహన్.