తిరిగిరానివాళ్ల నీళ్లు

ఈజిప్టు ఎడారిలో దిగిన ఆ దక్షిణాఫ్రికా స్క్వాడ్రన్ నుంచి పొద్దున పన్నెండు బాంబరు విమానాలు వెళ్లాయి.

పదకొండు వచ్చాయి.

వంటవాడు నాలుగు కంచాలు తీసి మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

రాని నలుగురిలో ఒకడైన వెసెల్స్ గుడారంలో ఆ పొద్దున పట్టుకున్న నీళ్ల డబ్బా నిండుగా ఉంది. మనిషికి రోజుకు రెండు సీసాల నీళ్లు. తాగడానికి, గడ్డానికి, మొహానికి అన్నిటికీ అవే. బట్టలు మాత్రం పెట్రోలులో జాడించుకునేవాళ్లు. పెట్రోలుకు కొదవ లేదు.

తిరిగిరానివాళ్ల నీళ్లు పక్క గుడారం వాళ్లవి. ఆ ఆనవాయితీ ఎవరు పెట్టారో తెలియదు. ఏడాది కిందటి వాళ్లు ఒక్కరూ మిగల్లేదు.

పక్క గుడారం లెఫ్టినెంటు నోడేది. అతను వెళ్లేసరికి సార్జెంటు లుబ్బె ఆ డబ్బా ఎత్తుకుపోతున్నాడు.

పోయినవాళ్ల సామాను సర్ది ఇళ్లకు పంపడం లుబ్బె పని. వచ్చి నెలయింది. యాభైకి దగ్గర పడ్డ మనిషి. గడ్డం గీసుకోడు, మొహం కడుక్కోడు. అందరూ అతన్ని రాబందు అనేవాళ్లు. విమానం ఎక్కబోయేవాళ్లు అతను ఎదురైతే దారి మార్చుకునేవాళ్లు.

“ఆగవయ్యా. అవి మా నీళ్లు,” అన్నాడు నోడే.

“నాకు కావాలి సర్.”

“నీకెందుకు? కొంపదీసి స్నానం చేస్తావా ఏంటి?”

“చెయ్యనివ్వండి, మనకే మంచిది. గాలి ఇటే కొడుతోంది,” అన్నాడు నోడే గుడారంలోనే ఉండే పియెనార్.

లుబ్బె నవ్వలేదు. “ఈసారికి వదిలెయ్యండి సర్.”

“పోయిన వారమూ ఇదే మాట. ఎవరికి అమ్ముతున్నావ్?”

“అమ్మడం లేదు.”

“మరేం చేస్తున్నావ్?”

లుబ్బె అతని మొహం చూశాడు. తర్వాత అతని చొక్కా చూశాడు. మర్నాడు పొద్దున నోడే మళ్లీ ఎగరాలి.

“చెప్పలేను సర్,” అన్నాడు.

డబ్బా నోడే గుడారానికి చేరింది. సంగతి మేజర్ దాకా వెళ్లింది. లుబ్బె అక్కడా నోరు విప్పలేదు.

“చెప్పకపోతే డిపోకు పంపేస్తాను,” అన్నాడు మేజర్.

“పంపండి సర్. నలుగురి సామాను మిగిలింది. రెండు రోజులు ఉండనివ్వండి, చాలు.”

“రేపటి లారీలో వెళ్లు.”

మర్నాటి లారీ తీరం రోడ్డు మీద మందుపాతర మీదికి ఎక్కింది. ఎవరూ మిగల్లేదు. కబురు వచ్చేసరికి టీ వేళయింది.

“అయితే రాబందూ పోయిందన్నమాట,” అన్నాడు పియెనార్, కప్పులో చెంచా తిప్పుతూ.

ఆ టీ వెసెల్స్ నీళ్లతో కాచినదే.

రెండు రోజుల తర్వాత నోడే ఎడమ చెయ్యి కాలింది. ఎగరడం మాన్పించి, లుబ్బె పని అతనికి అప్పగించారు.

లుబ్బె గుడారం వెనక తాడు మీద రెండు చొక్కాలు ఆరి ఉన్నాయి. నోడే తీసి మడవబోయాడు. సబ్బు వాసన వేశాయి. ఇంకో రెండు ఒక మూల పడున్నాయి. అవి పెట్రోలు వాసన వేశాయి. వాటి పక్కన లుబ్బె సీసాలు రెండూ బోర్లించి ఉన్నాయి. ఇస్త్రీకి కాబోలు, ఇసుక నింపిన టిన్ను ఒకటి పొయ్యి మీద ఉంది.

లుబ్బె వెళ్లాక అతని పేర వచ్చిన ఉత్తరాన్ని ఎవరో మంచం మీద పడేసి పోయారు. నోడే విప్పాడు.

“అయ్యా, మావాడి పెట్టె చేరింది. విమానం అంటుకుని పోయాడని రాశారు. మూడు రోజులు పెట్టె తెరవడానికి భయపడ్డాను. మా వీధిలో ఒకావిడకు కొడుకు బట్టలు పెట్రోలు వాసనతో వచ్చాయి. ఆమె ఇప్పటికీ పొయ్యి వెలిగించలేదు, పక్కింటివాళ్లే వండి పెడుతున్నారు. మావాడి చొక్కా సబ్బు వాసన వేసింది. మొహానికి ఆనించుకుని కూర్చున్నాను. ఉతికిన చేతులు చల్లగా ఉండాలి.”

నోడే తన కాలరు వాసన చూసుకున్నాడు. మర్నాడు ఎగరబోయేవాడికి ఈ మాట చెప్పగలవాళ్లెవరు?

అతను తన సీసాలు రెండూ తెచ్చి, మిగిలిన చొక్కాలను ఒంటి చేత్తో ఉతికాడు.

“గడ్డం గీసుకోవా?” అన్నాడు అటు పోతున్న పియెనార్.

“రేపు.”

సాయంత్రానికి అవి ఆరాయి. ఇక సర్దవలసింది లుబ్బె పెట్టె ఒక్కటే. పంపవలసిన చిరునామా ఉండాల్సిన చోట, ఎవరూ లేరన్నట్టు చిన్న గీత గీసి ఉంది.

పెట్టెలో రెండు జతల మేజోళ్లు, బైబిలు, సగం సబ్బు బిళ్ల ఉన్నాయి.

అడుగున, ‘గన్నరు డి. లుబ్బె సామాను, తండ్రి గిడియన్ లుబ్బెకు’ అని ఏడాది కిందట ఇదే స్క్వాడ్రన్ నుంచి రాసి పంపిన కాగితంలో చుట్టి, ఇంకా పెట్రోలు వాసన పోని చొక్కా ఒకటి ఉంది.