ఒరిజినల్ బంపరు

"డూప్లికేట్ వేసేస్తా బాబాయ్. గంటలో అయిపోతుంది. రంగు కొట్టాక ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడు" అన్నాడు మెకానిక్, లారీ ముందు గొంతుక్కూర్చుని.

పొద్దున గోదాం గేటు స్తంభానికి తగిలి బంపరు నిలువునా చీలింది. ఒక పక్క కిందికి వేలాడుతోంది.

"బ్రహ్మదేవుడి సంగతి నాకు తెలీదు గానీ మా ఓనరు కనిపెట్టేస్తాడు. వేలితో తట్టి, మోత విని చెప్తాడు" అన్నాడు డ్రైవరు. "బండి మీద ఇంకొక్క దెబ్బ కనపడితే దిగి పొమ్మన్నాడు. యాభై ఐదు దాటినవాడికి ఇంకెవడిస్తాడ్రా స్టీరింగు? ఒరిజినలే కావాలి."

"కంపెనీ నుంచి రావాలంటే నాలుగు రోజులు. పైగా పాత బండికి కొత్త బంపరంటే, ముసలాడు జుట్టుకి రంగేసుకున్నట్టు ఇట్టే తెలిసిపోతుంది."

సాయంత్రానికి బండి ఓనరు షెడ్డులో ఉండాలి. డ్రైవరు పాత ఇనుప సామాన్ల కొట్లన్నీ కాళ్లరిగేలా తిరిగాడు. ఏడో కొట్లో, విప్పి పడేసిన లారీల మధ్య దొరికింది. అదే మోడలు, అదే ఏడాది, అదే వెలిసిన రంగు. లోపలివైపు కంపెనీ ముద్ర కూడా చెక్కుచెదరలేదు. కొట్టువాడు బేరమాడనివ్వలేదు. డ్రైవరు పెళ్లి ఉంగరం ఇచ్చి, అది చాలకపోతే చేతి వాచీ కూడా తీసి ఇచ్చాడు. ఇంటిదానికి ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు, ముందు కూడు నిలబడాలి.

బంపరు బిగించి బండి తెచ్చేసరికి షెడ్డులో ఓనరు పక్కన ఎవరో కళ్లజోడు పెద్దమనిషి ఉన్నాడు. ఆయనే వంగి బంపరు తట్టాడు. వెనక్కి చెయ్యి పోనిచ్చి ముద్ర తడిమాడు.

"బండితో వచ్చిందే" అన్నాడాయన లేస్తూ. "డూప్లికేట్ అయ్యుంటే ఎక్కడో గుద్దిన బండని నా దారిన నేను పోయేవాణ్ణి."

ఓనరు మొహం చాటంతయింది. వచ్చి డ్రైవరు భుజం తట్టాడు. పదకొండేళ్లలో ఆ చెయ్యి తన భుజమ్మీద పడడం అదే మొదలు. బతికానురా దేవుడా అనుకున్నాడు డ్రైవరు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంతా నీ చలవేనయ్యా" అన్నాడు ఓనరు. "ఉన్న ఈ ఒక్క బండీ వదిలించుకుందామని ఆరు నెలల్నుంచీ చూస్తున్నా, ఇవాళ్టికి బేరం కుదిరింది. తాళాలు వీళ్ల డ్రైవరుకిచ్చేసి, నీ సామాను దింపుకో."