పేరు మార్చిన విండో

ఇంటి గోడంతా తెర అయ్యాక, దాని మీద విండోలు సర్దే పెత్తనం హైమావతి ఇంటినుంచి పనిచేసే కరెంటు కంపెనీ ప్రోగ్రాముది. అది పేరు చూసి ఫిర్యాదులను ముందుకు లాగుతుంది, సొంత పనులను మూలకు తోస్తుంది. ఆస్పత్రి మంచం మీద భర్త ఈశ్వరయ్య కనిపించే విండోను హైమావతి రోజూ వెతుక్కోవాల్సి వచ్చేది.

"దానికీ ఫిర్యాదని పేరు పెట్టెయ్ అక్కా, ఇక ముట్టుకోదు" అంది ఆమెతో పనిచేసే మస్తాన్‌బీ.

పెట్టింది. వారం రోజులు ఆయన గోడ నడుమే ఉన్నాడు. ఆ ఛాతీ లేచి పడుతుంటే చూస్తూ, కరెంటు రాని జనం తిట్లకు హైమావతి జవాబులు రాసింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆ విండో దానంతటదే మూసుకుంది. గోడ మీద అక్షరాలు వచ్చాయి.

"పది నిమిషాలుగా కదలిక లేదు. ఫిర్యాదు పరిష్కారమైంది."

ఆమె లేచేలోగా ఆ ఖాళీలోకి తరువాతి ఫిర్యాదు వచ్చి కూర్చుంది.