నాయనమ్మ పిలవని పేరు

“అమ్మా, అందరు చూస్తుండ్రు. జర పిలువే,” అన్నాడు రాకేష్.

సుభద్రమ్మ తొట్టె మీదికి వంగి, మనవడి చెవి దగ్గర నోరు పెట్టింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఆ ఇంట్లో పుట్టిన బిడ్డను మొదట నాయనమ్మే పేరు పెట్టి పిలవాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు. ఉప్పునుంతలలో ఆ వాడకట్టు ఆడవాళ్లంతా అక్షింతలు పట్టుకొని కాచుకొని ఉన్నారు.

“నోరు తిరుగుతలేదా అక్కా? వెస్లీ అను,” పక్కింటి ఈరమ్మ అందించింది.

“నోరు తిరుగుతది. నాతోని కాదు,” అని సుభద్రమ్మ లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

గోడకు ఆనుకొని కూర్చున్న కోడలు రెబెకా ఆ గది వైపే చూసింది. వెస్లీ ఆమె పెదనాయన. తండ్రి పోయాక ఆమెను సాకి చదివించినవాడు. పెళ్లి మాటే ఎత్తకుండా ఒంటరిగా బతికి, మొన్నటి వానాకాలంలో గద్వాలలో కన్నుమూశాడు. ఆ పేరు మళ్లీ ఒక ఇంట్లో వినబడాలని, కడుపుతో ఉన్నప్పటి నుంచీ రెబెకా తపించిపోతోంది.

“అసలు గిదేం పేరురా?” మామ భీమయ్య కొడుకును అడిగాడు.

“ఇంగ్లండోళ్ల ఇంటిపేరు నాయనా. మొదలు ఊరి పేరంట. పడమటి పచ్చిక అని అర్థమంట. ఆ ఇంటిపేరున్న బోధకుని మీది ప్రేమతోని ఇక్కడి క్రైస్తవులు పిల్లలకు పెట్టుకున్నరు.”

“ఇంటిపేరు తీసి పిలగానికి పెడ్తరా? మన పడమటి చేన్ల రాళ్లు తప్ప పచ్చిక యాడిది?” భీమయ్య నవ్వాడు. “పెట్టుకోండ్రి. వెస్లీ సారు మంచోడు. వయసుల ఉన్నప్పుడు మన ఊరి బళ్లె జేసిండు.”

నిజమే. పెదనాయనకు మొదటి ఉద్యోగం ఈ ఊళ్లోనే. ఉప్పునుంతల నుంచి ఎవరు కనబడినా కూర్చోబెట్టి చాయ్ తాగించి, ఊరి సంగతులన్నీ అడిగేవాడు.

మామకు లేని పట్టింపు అత్తకెందుకో రెబెకాకు అంతుబట్టలేదు. పోనీ ఆచారాలకు బెదిరే మనిషా అంటే, అదీ కాదు. ఊళ్లో ఆడవాళ్లంతా మొగుడి పేరు పలకకూడదని ‘మా ఆయన’ అని గొణుగుతుంటే, ఈమె వాకిట్లో నిలబడి ‘ఓ భీమయ్యా’ అని కేకేస్తుంది. నలుగురూ ముక్కున వేలేసుకున్నా మానదు. క్రైస్తవుల పిల్లను చేసుకుంటానని రాకేష్ మొండికేసినప్పుడు కులపోళ్లంతా గయ్యిమన్నారు. ‘ఎవరింటి పిల్ల?’ అని అడిగి, చెప్పగానే ‘తోల్కరా’ అన్నది ఈమె ఒక్కతే. తీరా పెదనాయన పోయినప్పుడు మాత్రం రాలేదు. జ్వరమని ముసుగుతన్ని పడుకుంది. పిల్లను ఒప్పుకుంది గానీ పిల్ల మనుషులను ఒప్పుకోలేదని రెబెకాకు అప్పుడే అనిపించింది. ఇవాళ ఆ అనుమానం గట్టిపడింది.

ఆమె బిడ్డను ఎత్తుకొని లోపలికి వెళ్లింది. సుభద్రమ్మ వడ్ల బస్తా మీద కూర్చొని ఉంది.

“మావోళ్ల పేరని ఇష్టం లేదా అత్తమ్మా? అట్లయితే విజయ్ అని పెట్టుకుందం.” అననైతే అంది గానీ, రెబెకా కళ్లు నిండాయి.

సుభద్రమ్మ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. “మార్చకు బిడ్డా. గదే ఉండాలె. నువ్వు పిల్వాలె, వాడకట్టంత పిల్వాలె. పొద్దుగూకులు ఆ పేరు ఈ ఇంట్ల ఇనబడాలె. నేను ఇనాలె.”

“మరి నువ్వు ఒక్కసారి పిలిస్తే ఏమైతది?”

“ఏమాయెనే? అందరు కాసుకొని కూసున్నరు!” బయటి నుంచి మామ కేక.

“ఆగు భీమయ్యా, వస్తున్న!” సుభద్రమ్మ అంతకంటే గట్టిగా అరిచింది.

తర్వాత మనవణ్ని ఒళ్లోకి తీసుకొని, వాడి మొహంలోకి చాలాసేపు చూసింది. చీర కొంగు తల మీదికి లాక్కుంది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలా సిగ్గుపడుతున్న అత్తను రెబెకా ఎన్నడూ చూడలేదు.

“పెనిమిటి పేరు ఎట్ల పిలుస్త బిడ్డా?”