దర్జీ వేసిన అతుకులు

బానెట్ ఎత్తి చూడగానే వెల్డర్‌కు నీరసం వచ్చింది.

ఒక్క అతుకూ తిన్నగా లేదు. రేకు మీద వెల్డింగ్ ముద్దలు ముద్దలుగా కారి గడ్డకట్టింది. కొన్నిచోట్ల రేకు కాలి చిల్లులు పడ్డాయి. ఆ చిల్లుల మీద మళ్లీ ముద్దలు. బ్యాటరీ పెట్టే పళ్లెం అలిగినట్టు ఒక పక్కకు తిరిగి ఉంది.

"రెండు రోజుల పని," అన్నాడు.

"అమ్మయ్య!" అంది కారు గలావిడ. "నాలుగు షెడ్లు తిరిగానన్నా. అందరూ తుక్కు కింద పడెయ్యమన్నవాళ్లే. ఫిట్‌నెస్ పరీక్షలో కూడా బానెట్ ఎత్తడం, దించెయ్యడం. అతుకులు గట్టివో కావో చూస్తేగా!"

అతను సుత్తితో అక్కడక్కడా తట్టి చూశాడు. "గట్టిగానే ఉన్నాయి. పైన గరుకు తీసేస్తే పాసవుతుంది."

షెడ్లలో ఎవరో ఈ కారు సంగతి చెప్పుకుంటుంటే విని, తనే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

కారుకు ఇరవై ఏళ్లుంటాయి. ఇంటి పక్కన రేకుల పంచలో నిలబడి ఉంది. పంచలోకి తెరుచుకునే కిటికీ దగ్గరే ఆమె కుట్టుమిషన్. భర్త దర్జీ. కిందటి చలికాలంలో పోయాడు. ఆయన కుట్టే బడి యూనిఫారాలు ఇప్పుడు ఆమే కుడుతోంది. మూటలు కట్టి, దూరంగా ఉన్న మూడు బడులకు తనే చేర్చాలి. అందుకే డ్రైవింగ్ నేర్చుకుంది. బడులు తెరిచేలోపు కారు రోడ్డెక్కకపోతే ఆ పని ఇంకొకరి చేతికి పోతుంది.

వెల్డర్ బ్యాటరీ తీసి పక్కన పెట్టాడు. వైర్లు విప్పి, ఇంజన్ మీద తడి గోనెపట్టా కప్పాడు. గ్రైండర్ పెట్టగానే నిప్పురవ్వలు లేచాయి. ఆమె కుట్టిన నిక్కర్ల దొంతరను గబగబా కిటికీకి దూరంగా జరిపింది.

"జాగ్రత్తన్నా, పిల్లలు చిల్లులు పెట్టుకోవడానికి ఇంకా టైముంది!"

అతనికి నవ్వు రాలేదు.

గ్రైండర్‌తో ముద్ద కోసి, ఆకురాయితో రుద్ది, చేత్తో తడిమి చూసేవాడు. తృప్తి ఉండేది కాదు. మళ్లీ రుద్దేవాడు. మధ్యాహ్నానికి నడుము పట్టేసేది. ఇటు ఆమెకూ అంతే. కాలు తిమ్మిరెక్కితే గోడ పట్టుకుని లేచేది. ఎవరి పని వాళ్లది. మాటలు తక్కువ.

మూడో రోజు అతనే అడిగాడు. "ఎవరమ్మా ఈ అతుకులు వేసింది?"

"మా ఆయనే," ఆమె తల తిప్పకుండానే చెప్పింది. "చొక్కా కుడితే కుట్టెక్కడుందో వెతుక్కోవాలి. అంత పనిమంతుడు. ఈ కారును లారీ గుద్దిన యాక్సిడెంట్లో కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ పోయాయి. కత్తెర పట్టలేకపోయాడు. దాంతో ఎక్కణ్ణుంచో వెల్డింగ్ మిషన్ తెచ్చుకుని, ఎడంచేత్తో ఎనిమిది నెలలు ఈ కారు మీదే పడ్డాడు. ఛాతీలో తగిలిన దెబ్బ లోపల్లోపల తినేస్తున్నా సరే, ఈ ఒక్కటీ అతికేసి వస్తానే అనేవాడు."

ఆకురాయి ఆగిపోయింది.

"ఆయన చేతిపని... గీకేస్తుంటే మీకు బాధగా లేదా?"

"బాధపడే ఓపిక అయిపోయిందన్నా. బండి కదిలితే చాలు."

నాలుగో రోజుకు సగమే అయింది. ఆమె తొందరపెట్టలేదు. కూలి మాట ఎత్తితే మాత్రం అతను గ్రైండర్ ఆన్ చేసేవాడు. ఆ మోతలో ఆమె మాట ఆమెకే వినపడేది కాదు.

"ఎన్నాళ్లయింది ఈ పనిలోకొచ్చి?" మోత ఆగాక అడిగింది.

"రెండేళ్లవుతోంది."

"అంతకుముందు?"

"తిరిగే పని."

"ఎందుకు మానేశారు?"

"చేతులు వణుకుతున్నాయని," అన్నాడు. ఆకురాయి పట్టిన అతని చెయ్యి రాయిలా నిలకడగా ఉంది.

ఐదో రోజు కుడి లైటు వెనకకు చెయ్యి దూర్చి, తనలో తనే అనుకుంటున్నట్టు, "ఇక్కడ రేకు మరీ నలిగిపోయింది. ముందు తగిలింది ఇదే కదా," అన్నాడు.

కిటికీ లోపల మిషన్ ఆగింది. చాలాసేపటికి మళ్లీ కదిలింది.

ఆరో రోజు గరుకు కాగితంతో రుద్ది, ఎర్ర పూత పూసి, అది ఆరాక నల్లరంగు కొట్టాడు. సాయంత్రం ఆమె వచ్చి, రంగు ఆరిన చోట వేలితో మెల్లగా నిమిరింది.

"ఎక్కడ అతికాడో నాకే తెలియట్లేదు," అంది. గొంతులో సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. రోజంతా కుట్టిన అలసట ఉంది.

ఇక సామాన్లు సర్దుకోవాలి. అతను సర్దుకోలేదు. ఆకురాయి తీసుకుని, వంగి, బ్యాటరీ పళ్లెం అడుగున రుద్దడం మొదలుపెట్టాడు.

"అక్కడెవరు చూస్తారన్నా?"

"ఇంకొంచెం గరుకుందమ్మా. రేపు కూడా ఒకసారి వస్తాను."

ఆమె పీట తెచ్చుకుని కారుకు ఎదురుగా కూర్చుంది. ఈ ఆరు రోజుల్లో పంచలోకి వచ్చి కూర్చోవడం అదే మొదటిసారి.

"రోజూ పొద్దున్నే ఏదో చెప్పబోతారు. నోటిదాకా వచ్చింది మింగేసి పనిలో పడిపోతారు. పని అయిపోయిందన్నా. ఇంక రుద్దడానికేం లేదు."

అతను తల ఎత్తలేదు. ఆకురాయి చప్పుడు మాత్రం ఆగింది.

గొంతు పెంచకుండా ఆమే అడిగింది.

"ఆ రోజు మీ లారీకి బ్రేకులు పడలేదా అన్నా, మీకు కునుకు పట్టిందా?"