ఎక్కడ దిగుదాం?

“ఉత్తరం ఒడ్డే! ఇంకో మాట లేదు,” అంటూ బామ్మర్ది ఫారం మీద టిక్కు పెట్టేశాడు.

దీవిలో స్కూబా డైవింగ్ ఆఫీసు ఇరుకు గది. గోడకి వేలాడదీసిన రబ్బరు సూట్ల నుంచి నీళ్లు కారి నేలంతా జారుతోంది. దిగే చోట్లు రెండు: ఉత్తరం ఒడ్డు, దక్షిణాన పగడపు దిబ్బలు. రెండిటి ఫొటోలూ ముందు పరిచి, పడవ ఇంకో పావుగంటలో బయల్దేరుతుందని కౌంటర్లో అమ్మాయి తొందరపెడుతోంది.

“అంత నమ్మకమేంట్రా?” అంది అక్క.

“నెట్లో ఒకాయన రాశాడు, విను. ‘ఉత్తరం ఒడ్డున నీళ్లు బకెట్లో నీళ్లలా కదలవు. మా అబ్బాయికి ఈత బొత్తిగా రాదు. అయినా చేపలతో ఆడుకుని నవ్వుతూ పైకొచ్చాడు.’ నాకూ ఈత రాదుగా! అచ్చం నా కోసమే రాసినట్టుంది.”

అక్క పక్కనే నిలబడ్డ బావ గబుక్కున ఫోనులోకి తొంగిచూశాడు.

అది రాసింది అతనే. ట్రావెల్ వెబ్‌సైటు వాళ్లు పంపిన ఫొటో చూసి, ఇంట్లో సోఫా మీద కాళ్లు చాపుకుని రాశాడు. ఉత్తరం ఒడ్డు మొహం అతను ఎన్నడూ చూడలేదు. పైగా అతనికి ఉన్నది ఇద్దరూ ఆడపిల్లలే.

బామ్మర్ది ఈల వేస్తూ ఫారం నింపుతున్నాడు. ‘ఏదైనా జరిగితే ఎవరికి కబురు చేయాలి?’ అన్న చోట తల్లి పేరు రాశాడు. అది చూశాక ఇక అతనివల్ల కాలేదు.

“ఒరేయ్, అక్కడికి వద్దు. ఆ రాసింది నమ్మకు.”

“ఎందుకు బావా?”

“అది... రాసింది నేనే.”

బామ్మర్ది పకపకా నవ్వాడు. బావ మొహం చూసి నవ్వు ఆపేశాడు.

“మీరా?” అంది భార్య. “ఈ దీవికి ఎప్పుడొచ్చారు?”

“రాలేదు. అదే చెప్తున్నా.”

“మరి ఆ ఈత రాని అబ్బాయెవరు?”

“ఎవరూ లేరు. ఊరికే కల్పించా.”

“ఆదివారం కూడా ఆఫీసు పనంటూ ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది ఇందుకా? ఎవడి పిల్లలు ఎక్కడ మునిగితే మీకేం? మీరు మాత్రం సోఫా దిగరు!”

కౌంటర్లో అమ్మాయి వినకూడనిది విన్నట్టు సిలిండర్లు లెక్కపెట్టడం మొదలెట్టింది.

నీళ్లంటేనే భయమని తువ్వాళ్లకి కాపలాగా బెంచీ మీద కూర్చున్న అత్తగారు ఒక్క మాటా అనలేదు. ఆవిడ మొహం పాలిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆవిడ కొడుకుని ఈపాటికి తన చేతులతో తానే సముద్రంలోకి తోసేసి ఉండేవాడు.

“తప్పయిపోయింది అత్తయ్యా,” అన్నాడు దగ్గరికెళ్లి.

“పోనీండి అల్లుడుగారూ. మనుషులన్నాక...” ఆవిడ మాట మింగేసి మొహం తిప్పుకుంది. తన మొహం చూడ్డానికే అసహ్యం వేసిందేమోనని అతను మరింత కుంచించుకుపోయాడు.

“పడవ వెళ్లిపోతుంది,” అంది కౌంటర్లో అమ్మాయి.

“వాడికి దక్షిణం దిబ్బలు రాయండి,” అంది భార్య. బామ్మర్ది చేతిలో ఫోను లాక్కుని మొగుడి మొహం మీదికి పెట్టింది. “దక్షిణం దిబ్బల గురించి ఈయన రాసింది చూడండి, రాయడమంటే ఇదీ! ఇరవయ్యేళ్లుగా ఈత నేర్పుతున్న కోచ్ అట. ఎంత లోతుకి దిగాలో, ఊపిరి ఎలా వదలాలో, అన్నీ పూసగుచ్చినట్టు రాశాడు. అనుభవమున్న మనిషి. మీలా సోఫాలో కూర్చుని కాదు!”

బామ్మర్ది పాత టిక్కు కొట్టేసి కొత్తది పెట్టబోయాడు.

తువ్వాళ్లన్నీ నేలపాలయ్యాయి. అత్తగారు గబగబా వచ్చి కొడుకు చేతిలోంచి పెన్ను లాగేసుకుంది.

“వద్దే,” అంది కూతురి వైపు చూడకుండా. “ఆ కోచ్‌ని నేనే.”